పేరున్న వాళ్లంతా కలిస్తే బ్యాండ్ అవుతుందా?

1969 జూన్ 7న లండన్‌లోని హైడ్ పార్కులో టికెట్ లేని ఒక కచేరీ జరిగింది. దాదాపు లక్ష మంది వచ్చారు. స్టేజీ మీద నలుగురు ఉన్నారు. గిటార్‌తో ఎరిక్ క్లాప్టన్, డ్రమ్స్ దగ్గర జింజర్ బేకర్, కీబోర్డు ముందు కూర్చుని పాడుతున్న స్టీవ్ విన్‌వుడ్, బేస్ గిటార్‌తో రిక్ గ్రెచ్. క్లాప్టన్, బేకర్ ఇద్దరూ క్రీమ్ బ్యాండ్ వాళ్లు. అది రద్దయి అప్పటికి ఏడు నెలలు కూడా కాలేదు. విన్‌వుడ్ ట్రాఫిక్ నుంచి, గ్రెచ్ ఫ్యామిలీ అనే బ్యాండ్ నుంచి వచ్చారు. కొత్త బ్యాండ్‌కు బ్లైండ్ ఫెయిత్ అని పేరు పెట్టుకున్నారు. నలుగురూ కలిసి జనం ముందు వాయించడం ఆ రోజే మొదలు.

ఏ బ్యాండ్‌కైనా మొదటి ప్రోగ్రాం అంటే పది పదిహేను మంది దోస్తుల ముందు, సౌండ్ సరిగ్గా లేని చిన్న హాల్లో జరిగేది. తప్పులు అక్కడే బయటపడతాయి, అక్కడే సర్దుకుంటాయి. ఎవరు ఎక్కడ తగ్గాలి, ఎవరు ఎక్కడ ముందుకు రావాలి అన్నది కూడా అక్కడే తేలుతుంది. బ్లైండ్ ఫెయిత్ ఆ పనంతా లక్ష మంది కళ్ల ముందు చేయాల్సి వచ్చింది. ఆగస్టులో ఆల్బమ్ విడుదలై బ్రిటన్‌లో, అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. ఆ నెలాఖరుకే అమెరికా టూర్ ముగిసింది. దాంతోపాటే బ్యాండ్ కథ కూడా ముగిసింది.

అప్పటికే వేర్వేరు బ్యాండ్లలో పేరు తెచ్చుకున్న వాళ్లు కలిసి పెట్టుకునే కొత్త బ్యాండ్‌ను సూపర్‌గ్రూప్ అంటారు. ఈ మాట అరవైల చివర్లో వాడుకలోకి వచ్చింది. తెలుగువాళ్లకు వెంటనే మల్టీస్టారర్ సినిమా గుర్తొస్తుంది. పోలిక పైకి బాగానే ఉంటుంది కానీ, పక్కదారి పట్టిస్తుంది. మల్టీస్టారర్‌లో ఇద్దరు హీరోలు సెట్‌కు వచ్చేసరికి కథ సిద్ధంగా ఉంటుంది, డైరెక్టర్ ఉంటాడు, ఎవరికి ఎన్ని సీన్లో ముందే మాట్లాడుకుని ఉంటారు. సూపర్‌గ్రూప్‌లో ఇవేవీ ఉండవు. పాట ఎవరు రాయాలి, ఎవరు పాడాలి, చివరి మాట ఎవరిది అన్న ప్రశ్నలన్నీ మొదటి రోజు నుంచే మధ్యలో ఉంటాయి. జవాబు చెప్పే మనిషి మాత్రం ఉండడు.

వరంగల్ వైపు, ఇంకా పైకి వెళ్తే కరీంనగర్, మంచిర్యాల వైపు రాక్ వినేవాళ్లు ఎప్పుడూ తక్కువే. కాజీపేట దగ్గరి ఎన్‌ఐటీ హాస్టళ్లు (2002 దాకా అది ఆర్‌ఈసీ), కాకతీయ యూనివర్సిటీ చుట్టూ ఉండే అద్దె గదులు, హన్మకొండలో గిటార్ నేర్చుకునే పిల్లలు. ఈ సంగీతం ఎక్కువగా తిరిగింది అక్కడే. ముందు క్యాసెట్లు, తర్వాత ఎంపీ3 సీడీలు, ఆ తర్వాత ఒకరి నుంచి ఒకరికి కాపీ అయ్యే హార్డ్ డిస్కులు, ఇప్పుడు ఫోన్లు. ఇలా చేరిన సంగీతం వరసలో చేరదు. చాలామంది ముందు ఆడియోస్లేవ్ విన్నారు. ఆ గొంతు నచ్చి, అది సౌండ్‌గార్డెన్ పాడిన క్రిస్ కార్నెల్‌ది అని తర్వాత తెలుసుకున్నారు. ఆ గిటార్ రేజ్ అగెనెస్ట్ ద మెషీన్‌లో వాయించిన టామ్ మొరెల్లోది అని ఇంకా తర్వాత తెలిసింది. అంటే సీయాటిల్‌లోనో లాస్ ఏంజెలెస్‌లోనో కథ చివరికి వచ్చిన బ్యాండ్ ఇక్కడ కథకు మొదలైంది. ఇలా విన్నవాళ్లకు ఒక లాభం ఉంది. పాత పేర్ల బరువు లేకుండా విన్నారు. పాట బాగుందా లేదా అన్నదే చూశారు. సూపర్‌గ్రూప్‌లను తూచడానికి నిజానికి అంతకన్నా మంచి తరాజు లేదు.

ఆ తరాజులో వేసి చూస్తే ఒక సంగతి మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. సూపర్‌గ్రూప్ నిలబడిందా, పడిపోయిందా అన్నది అందులో ఎంత గొప్పవాళ్లు ఉన్నారన్న దాని మీద పెద్దగా ఆధారపడలేదు. వాళ్లకు కలిసి పని చేసుకోవడానికి కాస్త చాటు దొరికిందా లేదా అన్న దాని మీద ఆధారపడింది. మామూలు బ్యాండ్‌కు ఆ చాటు ఊరికే దొరుకుతుంది, ఎందుకంటే మొదట్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. బీటిల్స్ 1960 నుంచి 1962 వరకు జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రుళ్లు గంటల తరబడి వాయించారు. అప్పుడు వాళ్లెవరో ప్రపంచానికి తెలియదు. పేరున్న వాళ్లు కలిసినప్పుడు ఆ కాలం ఉండదు. ప్రకటన ముందు వస్తుంది, బ్యాండ్ తర్వాత తయారు కావాలి.

ఒగ్గుకథ చూసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. ఐనవోలు మల్లన్న జాతరలోనో, ఊళ్లో బీరప్ప కొలుపులోనో కథ మొదలైందంటే ముందు అందరి కళ్లూ కథకుడి మీదే ఉంటాయి. కాసేపటికి చూపు వంతపాడే వాడి మీదికి మళ్లుతుంది. కథకుడు ఊపిరి తీసుకునే చోట అతను మాట అందుకుంటాడు. ఏడుపు ఘట్టంలో గొంతు తగ్గిస్తాడు, యుద్ధం వచ్చేసరికి ఒక ప్రశ్న విసిరి కథను ముందుకు తోస్తాడు. డోలు కొట్టేవాళ్లు కథకుడి పాదం చూసి దెబ్బ మారుస్తారు. వీళ్లలో చాలామంది ఒకే ఇంటివాళ్లు, లేదంటే ఒకే ఊరివాళ్లు. చిన్నప్పటి నుంచి కలిసి తిరిగినవాళ్లు. మూడు జట్ల నుంచి ముగ్గురు పేరున్న కథకులను తెచ్చి ఒకే పందిట్లో నిలబెడితే కథ ముగ్గురికీ వస్తుంది. వంత పాడేది ఎవరు?

క్రీమ్‌లో వచ్చిన చిక్కు సరిగ్గా ఇదే. 1966లో లండన్‌లో పుట్టిన ఈ ముగ్గురి బ్యాండ్‌నే చాలామంది మొదటి రాక్ సూపర్‌గ్రూప్ అంటారు. క్లాప్టన్ యార్డ్‌బర్డ్స్, జాన్ మేయాల్ బ్లూస్‌బ్రేకర్స్ నుంచి వచ్చాడు. డ్రమ్మర్ బేకర్, బేస్ వాయించి పాడే జాక్ బ్రూస్ ఇద్దరూ గ్రాహం బాండ్ ఆర్గనైజేషన్‌లో కలిసి పనిచేసినవాళ్లు. కలిసి పనిచేశారంటే పడేదని కాదు. ఆ బ్యాండ్ నుంచి బ్రూస్‌ను తీసేసింది బేకరే. కొత్త బ్యాండ్ పెడదామని బేకర్ అడిగినప్పుడు బ్రూస్ ఉంటేనే వస్తానని క్లాప్టన్ అన్నాడు. అప్పుడు బేకర్ కారు నడుపుతున్నాడట. ఆ మాట వినగానే కారు అదుపు తప్పబోయిందని క్లాప్టన్ తర్వాత చెప్పుకున్నాడు.

అయినా రెండేళ్లకు పైగా నడిచింది, అదీ మామూలుగా కాదు. 1967 నాటి 'డిజ్రేలీ గేర్స్', 1968 నాటి డబుల్ ఆల్బమ్ 'వీల్స్ ఆఫ్ ఫైర్' ఇప్పటికీ రాక్ గిటార్ నేర్చుకునే ప్రతివాళ్ల చేతికీ తగులుతాయి. హన్మకొండలో గిటార్ పట్టిన పిల్లవాడు మొదట్లో నేర్చుకునే రిఫ్‌లలో (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరసలు) 'సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్' ఒకటి. వాయించినప్పుడు ముగ్గురూ ఒకరితో ఒకరు పోటీ పడేవారు, ఆ పోటీలోంచే ఆ సంగీతం పుట్టింది. కొంతకాలానికి పోటీ ఒక్కటే మిగిలింది. స్టేజీ మీద ఆంప్లిఫయర్ల సౌండు పెంచుకుంటూ పోయారు. ఒక కచేరీలో తాను వాయించడం ఆపేశాననీ, మిగతా ఇద్దరూ గమనించకుండా వాయించుకుంటూ పోయారనీ క్లాప్టన్ చెప్పాడు. 1968 నవంబరు 26న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో వీడ్కోలు కచేరీతో అది అయిపోయింది.

అదే 1968లో క్లాప్టన్ చేతికి ఒక రికార్డు వచ్చింది. ద బ్యాండ్ అనే గుంపు మొదటి ఆల్బమ్ అది. వాళ్లు రానీ హాకిన్స్ వెనకా, తర్వాత బాబ్ డిలన్ వెనకా ఏళ్ల తరబడి వాయించి, అమెరికాలో ఊరికి దూరంగా ఒక ఇంటి నేలమాళిగలో పాటలు కట్టుకున్నవాళ్లు. అందులో ఎవరూ ఎవరినీ మించాలని చూడరు. ముగ్గురు పాడతారు, ఎవరి గొంతు ఎప్పుడు వస్తుందో కొన్నిసార్లు తెలియదు కూడా. క్లాప్టన్ దానికి ఎంతగా కదిలిపోయాడంటే, వాళ్లలో కలుస్తానని అడుగుదామన్న ఆశతో వాళ్ల దగ్గరికి వెళ్లాడు. అడగలేక తిరిగొచ్చాడు. రాక్ ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ సూపర్‌గ్రూప్‌లలో ఉన్న మనిషి కోరుకున్నది, కలిసి పెరిగిన ఒక జట్టు. ఈ ఒక్క సంగతితో సూపర్‌గ్రూప్‌ల చరిత్ర సగం అర్థమవుతుంది.

కానీ అతనికి దొరికింది బ్లైండ్ ఫెయిత్. విన్‌వుడ్‌తో ఊరి బయట ఇంట్లో నెమ్మదిగా వాయించుకుంటూ మొదలైన పని అది. బేకర్ వచ్చి చేరేసరికి పత్రికలన్నీ క్రీమ్ మళ్లీ వస్తోందన్నట్టు రాశాయి. ఆల్బమ్ చూస్తే పాటల కరువు కనిపిస్తుంది. మొత్తం ఆరు పాటలు. అందులో ఒకటి బడ్డీ హాలీది. చివరిది పదిహేను నిమిషాల పాట, అందులో డ్రమ్స్ సోలో కూడా ఉంటుంది. అంత తక్కువ పాటలతో పెద్ద పెద్ద స్టేడియాల్లో టూర్ చేయడం కుదిరే పని కాదు. జనం క్రీమ్ పాటలు, ట్రాఫిక్ పాటలు వాయించమని అరిచారు, వీళ్లు వాయించారు కూడా. ఆ టూర్‌లో తమకు ముందు వాయించే డెలానీ అండ్ బానీ బృందంతోనే క్లాప్టన్ ఎక్కువగా తిరిగాడు. అక్కడ అతని మీద ఎవరి కళ్లూ లేవు. అయినా ఆరు పాటల్లో రెండు మూడు, ముఖ్యంగా విన్‌వుడ్ పాడిన 'కాంట్ ఫైండ్ మై వే హోమ్', చాలా పెద్ద బ్యాండ్లు కూడా కట్టలేని పాటలు. ఒక సంవత్సరం చిన్న క్లబ్బుల్లో తిరగనిచ్చి ఉంటే ఆ బ్యాండ్ ఏమయ్యేదో అని ఆ పాట విన్నప్పుడల్లా బాధగా ఉంటుంది.

1970లో క్లాప్టన్ ఈసారి ముందే జాగ్రత్తపడ్డాడు. డెలానీ అండ్ బానీ దగ్గర వాయించిన ముగ్గురిని, బాబీ విట్‌లాక్, కార్ల్ రేడిల్, జిమ్ గోర్డన్‌లను తీసుకుని డెరెక్ అండ్ ద డామినోస్ అనే పేరు పెట్టాడు. పోస్టర్ల మీద తన పేరు వేయొద్దన్నాడు. బ్రిటన్‌లో చిన్న చిన్న క్లబ్బుల్లో తక్కువ టికెట్‌తో వాయించారు. ఆ ఆగస్టులో మయామీలో నిర్మాత టామ్ డౌడ్ అతన్ని ఆల్మన్ బ్రదర్స్ కచేరీకి తీసుకెళ్లాడు. ఆ రాత్రికే డ్యుయేన్ ఆల్మన్ స్టూడియోకు వచ్చేశాడు. ఇద్దరు గిటారిస్టులు ఒకరి పక్కన ఒకరు కూర్చుని తెల్లారేదాకా వాయించుకున్నారు. 'లైలా' అన్న డబుల్ ఆల్బమ్ అలా వచ్చింది. పేరు దాచుకున్నందుకు ఒక నష్టం కూడా జరిగింది. డెరెక్ ఎవరో జనానికి తెలియక, రికార్డు మొదట్లో అనుకున్నట్టు అమ్ముడుపోలేదు. కంపెనీవాళ్లు డెరెక్ అంటే ఎరిక్ అని రాసిన బ్యాడ్జీలు పంచాల్సి వచ్చింది. అయినా సంగీతం వరకు చూస్తే క్లాప్టన్ చేసిన అన్నింటిలోకి ఇదే ముందు నిలుస్తుంది. డ్యుయేన్ మరుసటి ఏడాది అక్టోబరులో మోటార్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు. రెండో ఆల్బమ్ మధ్యలోనే డామినోస్ విడిపోయారు.

అదే కాలంలో అమెరికాలో ఇంకో రకం కలయిక జరిగింది. 1968లో లాస్ ఏంజెలెస్‌లోని లారెల్ కాన్యన్‌లో ఒక స్నేహితురాలి ఇంట్లో డేవిడ్ క్రాస్బీ, స్టీఫెన్ స్టిల్స్ కలిసి ఒక పాట పాడారు. ఆ ఇల్లు ఎవరిదన్న దాని మీద వాళ్లలో వాళ్లకే ఒక మాట లేదు. క్రాస్బీని అంతకుముందే బర్డ్స్ నుంచి తీసేశారు. స్టిల్స్ బ్యాండ్ బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్ అప్పుడే విడిపోయింది. అక్కడే ఉన్న ఇంగ్లండ్ వాడు, హాలీస్ గాయకుడు గ్రాహం నాష్ ఆ పాట మళ్లీ పాడమన్నాడు. పాడారు. ఇంకోసారి అన్నాడు. మూడోసారి పాడుతున్నప్పుడు పైన తన గొంతు కలిపాడు. కొన్ని క్షణాలకు ముగ్గురూ పాట ఆపేసి నవ్వడం మొదలుపెట్టారట. ఇక వెతుక్కోవాల్సింది ఏదీ మిగల్లేదు. క్రాస్బీ, స్టిల్స్ అండ్ నాష్‌కు బలం మొదటి నుంచీ ఆ మూడు గొంతులే. వాయిద్యాల సంగతి తర్వాత. 1969 ఆల్బమ్‌లో బేస్, ఆర్గన్, లీడ్ గిటార్ చాలావరకు స్టిల్స్ ఒక్కడే వాయించాడు.

వాళ్లు కలవడానికి అడ్డం కాగితాల రూపంలో వచ్చింది. నాష్ ఒక రికార్డు కంపెనీకి, స్టిల్స్ ఇంకో కంపెనీకి కట్టుబడి ఉన్నారు. చివరికి అట్లాంటిక్ కంపెనీ నాష్‌ను తీసుకుని, బదులుగా బఫెలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న రిచీ ఫ్యూరేను ఎపిక్ కంపెనీకి వదిలింది. మనుషులను మనుషులతో మార్చుకున్నారు. బ్యాండ్‌కు ఇంటిపేర్లే పేరుగా పెట్టుకోవడంలోనూ ఒక లెక్క ఉంది. ఎవరు వెళ్లిపోయినా మిగతావాళ్లు ఆ పేరుతో కొత్తవాడిని పెట్టుకుని నడపలేరు. ఇద్దరికి అంతకుముందే బ్యాండ్లతో చేదు అనుభవం ఉంది కాబట్టి అలా ఆలోచించారు. నీల్ యంగ్ నాలుగోవాడిగా చేరాక ఆగస్టులో వుడ్‌స్టాక్‌లో వాయించారు. జనం ముందు వాయించడం తమకు ఇది రెండోసారేననీ, చచ్చేంత భయంగా ఉందనీ స్టిల్స్ మైకులోనే చెప్పేశాడు. హైడ్ పార్కులో ఎవరూ అనలేని మాట అది. ఆ ఒక్క మాటతో అంతమంది జనం వాళ్ల వైపు వచ్చేశారు. ఆ తర్వాత వాళ్లు ఎన్నిసార్లు విడిపోయారో, ఎన్నిసార్లు కలిశారో, ఆ గొడవలన్నీ చెప్పుకుంటూ పోతే వేరే వ్యాసమే అవుతుంది. 2023 జనవరిలో క్రాస్బీ పోయేదాకా ఆ మూడు గొంతుల లెక్క మాత్రం ఎవరూ మార్చలేదు.

చాటు లేకుండా గెలిచినవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ (ఈఎల్‌పీ) 1970లో, బ్యాడ్ కంపెనీ 1973లో మొదలై ఏళ్ల తరబడి పెద్ద బ్యాండ్లుగానే నడిచాయి. ఈ వాదనకు అన్నిటికన్నా గట్టి ఎదురు ఏషియా. కింగ్ క్రిమ్సన్‌లో పాడిన జాన్ వెటన్, యెస్ గిటారిస్ట్ స్టీవ్ హౌ, బగుల్స్, యెస్‌లలో కీబోర్డు వాయించిన జెఫ్ డౌన్స్, ఈఎల్‌పీ డ్రమ్మర్ కార్ల్ పామర్ 1981లో కలిశారు. ఇది చాలావరకు రికార్డు కంపెనీ, మేనేజర్లు కూర్చిన బ్యాండ్. పాత ఇరవై నిమిషాల పాటలు వదిలేసి రేడియోకు సరిపోయే పాటలు కట్టారు. 1982లో వచ్చిన మొదటి ఆల్బమ్ అమెరికాలో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆ ఏడాదికి అక్కడ అందరికన్నా పెద్ద ఆల్బమ్‌గా బిల్‌బోర్డ్ లెక్కగట్టింది. విమర్శకులు తిట్టారు, జనం కొన్నారు. పాటలు నిజంగానే బాగుంటాయి, వెటన్ గొంతులో ఒక గుబులు ఉంటుంది.

కానీ రెండేళ్లు తిరగకముందే ఏం జరిగిందో చూడాలి. 1983లో వెటన్ బయటికి వెళ్లాడు. ఆ డిసెంబరులో టోక్యోలోని బుడోకాన్ నుంచి అమెరికాలో ఎంటీవీకి లైవ్ కచేరీ ఇవ్వాల్సి ఉంది. వెటన్ చోట ఈఎల్‌పీ గ్రెగ్ లేక్ వచ్చి పాడాడు. కొన్ని నెలలకు వెటన్ తిరిగొచ్చాడు, ఈసారి హౌ వెళ్లాడు. సీట్లు ముందే వేసి మనుషులను కూర్చోబెట్టిన చోట ఇలాగే జరుగుతుంది, ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చుంటారు. ఆశ్చర్యమేమిటంటే, 2006లో ఆ మొదటి నలుగురే మళ్లీ కలిశారు. అప్పటికి వాళ్ల మీద ఏ చార్టుల ఒత్తిడీ లేదు. ఆ రెండో విడత ఏడేళ్లు నడిచి, మూడు కొత్త ఆల్బమ్‌లు ఇచ్చింది. మొదటి విడత అందులో సగం కాలం కూడా నిలవలేదు.

చాటు ఎంత పని చేస్తుందో చూడాలంటే ట్రావెలింగ్ విల్బరీస్ దగ్గర కాసేపు కూర్చోవాలి. 1988 ఏప్రిల్. బీటిల్స్‌లో వాయించిన జార్జ్ హారిసన్‌కు తన సింగిల్ రికార్డు వెనకవైపు వేయడానికి ఒక చిన్న పాట కావాలి. అంతే అవసరం. లాస్ ఏంజెలెస్‌లో పేరున్న పాటగాళ్లు జెఫ్ లిన్, రాయ్ ఆర్బిసన్‌లతో భోంచేస్తూ ఆ మాట చెప్పాడు. స్టూడియో ఖాళీ లేదు. బాబ్ డిలన్ ఇంట్లో గ్యారేజీలో రికార్డు చేసుకునే ఏర్పాటు ఉంది, ఫోన్ చేస్తే రమ్మన్నాడు. హారిసన్ గిటార్ ఇంకో రాక్ గాయకుడు టామ్ పెటీ ఇంట్లో ఉంది. అది తెచ్చుకోవడానికి వెళ్లి, నువ్వూ రా అన్నాడు. మాలిబులో ఆ గ్యారేజీ దగ్గర పాటకు మొదటి మాట దొరకడం లేదు. ఏం రాయాలని డిలన్ అడిగితే, అక్కడున్న ఒక అట్టపెట్టె మీద జాగ్రత్తగా పట్టుకోమని అతికించిన చీటీ హారిసన్ కంటపడింది. 'హ్యాండిల్ విత్ కేర్' అలా మొదలైంది. ఆ ఐదుగురి పేర్లూ ముందే పోస్టర్ మీద వేసి, కూర్చుని ఒక గొప్ప పాట రాయండని చెప్పి ఉంటే అది వచ్చేది కాదు.

రికార్డు కంపెనీవాళ్లు విని, దీన్ని వెనకవైపు పాటగా పారేయలేమన్నారు. మేలో ఒక ఇంట్లో కూర్చుని పదిరోజుల్లో మిగతా పాటలు కట్టారు. ఆ తర్వాత డిలన్ టూర్‌కు వెళ్లాలి కాబట్టి అంతకన్నా టైం లేదు. ఆల్బమ్ మీద ఎవరి అసలు పేరూ లేదు. నెల్సన్, ఓటిస్, లక్కీ, లెఫ్టీ, చార్లీ టి జూనియర్ అనే పేర్లతో ఐదుగురు విల్బరీ అన్నదమ్ములుగా వేసుకున్నారు. అట్ట మీద ముఖాలు చూస్తే అందరికీ తెలుస్తుంది. అయినా ఆ పేర్లు పెట్టుకోవడం పనిచేసింది. డిలన్ అన్న పేరు ఉంటే డిలన్ పాట రాయాలి, లక్కీ విల్బరీకి అలాంటి బాధ్యత ఏమీ లేదు. అందుకే ఆ పాటల్లో ఐదుగురూ వంత పాడేవాళ్లలాగే ఉంటారు. గొంతు వంతు ఒకరి నుంచి ఒకరికి పోతుంది, ఆర్బిసన్ తన చోటు రాగానే రెండు వాక్యాలు పైకెత్తి పాడి పక్కకు తప్పుకుంటాడు. అక్టోబరులో ఆల్బమ్ వచ్చింది. డిసెంబరు 6న, 52 ఏళ్ల వయసులో, ఆర్బిసన్ గుండెపోటుతో పోయాడు. 1990లో మిగతా నలుగురూ చేసిన రెండో ఆల్బమ్‌కు మూడో భాగం అని పేరు పెట్టారు. అందులో మంచి పాటలు ఉన్నాయి, ఆ పైకెత్తే గొంతు మాత్రం లేదు.

టెంపుల్ ఆఫ్ ద డాగ్‌కు చాటు ఇంకో విధంగా దొరికింది. 1990 మార్చిలో సీయాటిల్ గాయకుడు ఆండ్రూ వుడ్ డ్రగ్స్ వల్ల చనిపోయాడు. అతనితో ఒకే ఇంట్లో ఉన్న స్నేహితుడు క్రిస్ కార్నెల్ అతని కోసం రెండు పాటలు రాసుకున్నాడు. వుడ్ బ్యాండ్‌లోని స్టోన్ గోసార్డ్, జెఫ్ ఏమెంట్‌లను పిలిచాడు. సౌండ్‌గార్డెన్ డ్రమ్మర్ మ్యాట్ కేమరన్, గిటారిస్ట్ మైక్ మెక్‌రెడీ చేరారు. రెండు పాటలు ఆల్బమ్ అయ్యాయి. ఆ రోజుల్లోనే గోసార్డ్ వాళ్ల కొత్త బ్యాండ్‌లో పాడటానికి శాన్ డియెగో నుంచి ఒక కుర్రాడు వచ్చి ఉన్నాడు. రిహార్సల్ గదిలో ఒక పక్కన నిలబడి తన వంతు కోసం చూస్తున్నాడు. 'హంగర్ స్ట్రైక్' పాటలో కార్నెల్ కింది స్వరమూ, పై స్వరమూ తానే పాడలేక ఇబ్బంది పడుతున్నాడు. ఆ కుర్రాడు మెల్లగా మైకు దగ్గరికి వచ్చి కింది వరస అందుకున్నాడు. అతనే ఎడ్డీ వెడర్. ఆ కొత్త బ్యాండ్ పెర్ల్ జామ్ అయ్యింది.

1991 ఏప్రిల్‌లో ఆ ఆల్బమ్ వచ్చినప్పుడు దాన్ని సూపర్‌గ్రూప్ అని ఎవరూ అనుకోలేదు, ఎందుకంటే వాళ్లెవరూ ఇంకా సూపర్ కాలేదు. మరుసటి ఏడాది పెర్ల్ జామ్, సౌండ్‌గార్డెన్ పేర్లు మోగాక జనం వెనక్కి వచ్చి దాన్ని వెతుక్కుని కొన్నారు. పదిలక్షలకు పైగా అమ్ముడైంది. అందులో ఎవరి పేరూ ముఖ్యం కాలేదు, పోయిన మనిషి ముఖ్యం. మలిదశ తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికలను చూసినవాళ్లకు ఇలాంటి కలయిక కొత్త కాదు. ఊరూరా తిరిగే వేర్వేరు కళాబృందాల వాళ్లు ఒకే స్టేజీ మీద గజ్జెకట్టి ఆడారు, ఒకరి పాటకు ఇంకొకరు కోరస్ ఇచ్చారు. పెద్ద పాటగాళ్లు కూడా డప్పు దరువుకు పక్కన నిలబడ్డారు. అక్కడ అందరికన్నా ముందు ఒక పని ఉంది, అందుకే ఎవరు ముందు పాడాలన్న లెక్క వెనక్కిపోయింది.

2001లో మొదలైన ఆడియోస్లేవ్‌కు అలాంటి కారణం ఏదీ లేదు. పాడేవాడు వెళ్లిపోయిన రేజ్ అగెనెస్ట్ ద మెషీన్‌లో ముగ్గురు, సౌండ్‌గార్డెన్ పోయిన పాటగాడు కార్నెల్ ఒకడు. నిర్మాత రిక్ రూబిన్ కలిపాడు. వాళ్లు చేసిన తెలివైన పని ఒకటి ఉంది. మొదటి కొన్నేళ్లు కచేరీల్లో పాత బ్యాండ్ల పాటలు వాయించలేదు. జనం అడిగినా, తమ పాటలే వాయించారు. తమకంటూ ఒక నిలకడ వచ్చిందనుకున్నాక, 2005లో మాత్రమే ఆ తలుపు తీశారు. అదే ఏడాది మేలో క్యూబా రాజధాని హవానాలో వేలాది జనం ముందు ఉచిత కచేరీ చేశారు. మూడు ఆల్బమ్‌ల తర్వాత 2007లో విడిపోయారు. రెండో ఆల్బమ్ నుంచి పాటలు ఒకదానిలాగే ఒకటి అనిపించడం నిజమే, మొదటి ఆల్బమ్‌లో మాత్రం వాళ్లు దేన్నీ అరువు తెచ్చుకోలేదు. 2009లో నిర్వాణ డ్రమ్మర్ డేవ్ గ్రోల్, క్వీన్స్ ఆఫ్ ద స్టోన్ ఏజ్ గాయకుడు జోష్ హోమ్, లెడ్ జెపెలిన్ బేసిస్ట్ జాన్ పాల్ జోన్స్ కలిసిన దెమ్ క్రూకెడ్ వల్చర్స్ అయితే మొదటి కచేరీని షికాగోలో ఒక చిన్న క్లబ్బులో అర్ధరాత్రి పెట్టుకున్నారు. 40 ఏళ్ల కిందటి హైడ్ పార్కు పాఠం ఎవరో గుర్తుపెట్టుకున్నారు.

మన దేశపు చెవికి దగ్గరగా ఉండేది శక్తి. రాక్ గీత దాటి బయట ఉన్నా దాన్ని వదిలేయలేం. మహావిష్ణు ఆర్కెస్ట్రాతో పేరు తెచ్చుకున్న గిటారిస్ట్ జాన్ మెక్‌లాఫ్లిన్, వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకిర్ హుస్సేన్, ఘటం విక్కు వినాయక్‌రామ్ డెబ్బైలలో కలిశారు. హిందుస్తానీ తబలా, కర్ణాటక ఘటం పక్కపక్కన కూర్చుని ప్రశ్న, జవాబు అన్నట్టు వాయించుకోవడం అందులో వినాలి. అక్కడ చాటు సంగీతంలోనే ఉంది, ఒకరు వాయిస్తుంటే మిగతావాళ్లు తాళం వేస్తూ తల ఊపుతారు. వినడం ఆ పద్ధతిలో భాగం. మనుషులు మారుతూ వచ్చిన ఆ బృందం 2023లో చేసిన ఆల్బమ్‌కు 2024లో గ్రామీ వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో జాకిర్ పోయారు.

కొత్తగా వినాలనుకునే వాళ్లకు ఒక సలహా. ఎన్‌ఐటీలో స్ప్రింగ్‌స్ప్రీ ఫెస్ట్ కోసమో, కాలేజీ డే కోసమో వారం ముందు నాలుగు గ్రూపుల నుంచి బాగా వాయించేవాళ్లను ఏరి బ్యాండ్ కట్టే పిల్లలకు ఇది ఇంకా పనికొస్తుంది. ముందు విల్బరీస్ మొదటి ఆల్బమ్ వినాలి, ఒక్కో పాటలో ఎవరు ఎప్పుడు తగ్గుతున్నారో చూస్తూ. తర్వాత టెంపుల్ ఆఫ్ ద డాగ్. క్రీమ్ దగ్గరికి వచ్చేసరికి 'వీల్స్ ఆఫ్ ఫైర్' ఎంచుకోవాలి. అందులో ఒక డిస్కు స్టూడియోలో చేసింది, రెండోది స్టేజీ మీద వాయించింది. స్టూడియో డిస్కులో ముగ్గురూ పాట కోసం సర్దుకుంటారు. స్టేజీ డిస్కులో 'స్పూన్‌ఫుల్' పదహారు నిమిషాలకు పైగా సాగుతుంది, అందులో బేస్ గిటార్ ఒక్కదాన్నే పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా వినాలి. బ్రూస్ ఎక్కడా వెనక నిలబడడు. తర్వాత మళ్లీ మొదటికి వచ్చి, ఈసారి డ్రమ్స్ మాత్రమే వినాలి.